మాటకు కొలత వాడుకే

(ముందుమాట)

కృత్రిమ భాషల గురించి తెలుగులో వచ్చిన రాతలు చాలామటుకు వింత వార్తల్లా ఉంటాయి. ఎవరో ఒకాయన కూర్చుని భాష తయారుచేశాడట, దాంట్లో పాటలు కూడా ఉన్నాయట అని చెప్పి ఊరుకుంటాయి. ఈ పుస్తకం ఆ దారిన పోలేదు. ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుంది. మనిషి కావాలని తయారుచేసుకున్న భాషలో ఏ మాట ఎంత పొడవుండాలో ఎవరు నిర్ణయిస్తారు? తయారుచేసినవారా, వాడేవారా? 17వ శతాబ్దం నుంచి నేటిదాకా ఆ ప్రశ్న వెంట నడిచి, చివరికి తన జవాబేమిటో స్పష్టంగా చెప్పింది. భాషాశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ వయసు గడిపినవాణ్ని. ఇంత నికరమైన పని తెలుగులో చూడగలిగినందుకు సంతోషించి, రచయిత్రి అడిగిన వెంటనే ఈ నాలుగు మాటలు రాయడానికి ఒప్పుకున్నాను.

ముందు సహజ భాషల సంగతి. ఎక్కువగా వాడే మాటలు పొట్టిగా, అరుదుగా వాడేవి పొడుగ్గా ఉంటాయన్నది హార్వర్డ్ పండితుడు జార్జ్ కింగ్స్‌లీ జిఫ్ 1935లో వెలువరించిన గ్రంథంలో ప్రతిపాదించిన సూత్రం. దానికి ఆయన చూపిన ఆధారాల్లో ఒకటి, జర్మనీలో కేడింగ్ 1897-98లో అచ్చువేసిన పదగణన. షార్ట్‌హ్యాండ్‌ను మెరుగుపరచడం కోసం కేడింగ్ కోటికి పైగా మాటలను మనుషుల చేత లెక్కపెట్టించాడు. పొడవాటి సమాసాలకు పేరుపడ్డ జర్మన్‌లో కూడా, ఆ రాశిలో దాదాపు సగం ఒకే అక్షరంగా పలికే మాటలు. జిఫ్ దీన్ని శ్రమ పొదుపుగా చూశాడు. పోపుల డబ్బాలో ఆవాలూ జీలకర్రా చేతికందేచోట ఉంటాయి. ఏడాదికోసారి వాడే దినుసు అటకమీది సీసాలో ఉన్నా ఇబ్బంది లేదు. తెలుగులో నా, నీ, ఆ, ఈ, రా, పో ఒక్కో అక్షరమే. రోజూ నోట్లో నానే ‘వచ్చుచున్నాడు’ ‘వస్తున్నాడు’ అయింది, ‘ఏమిటి’ ‘ఏంటి’ అయింది.

అయితే సహజ భాషలో ఒక చిక్కుంది. మాట పొట్టిగా ఉంది కాబట్టి ఎక్కువ వాడుతున్నామా, ఎక్కువ వాడడం వల్ల అది అరిగిందా అన్నది తేల్చడం కష్టం. చాలా మాటలకు పుట్టినరోజు తెలియదు. తయారైన భాషలో ఆ చిక్కు చాలావరకు విడిపోతుంది. ఏ మాట ఏ సంవత్సరంలో, ఎవరి చేతిలో, ఎంత పొడవుతో పుట్టిందో కాగితం మీద ఉంటుంది. తర్వాత దాన్ని జనం ఏం చేశారో కూడా కాగితం మీదే ఉంటుంది. కాబట్టి జిఫ్ సూత్రాన్ని పరీక్షించడానికి ఇంతకంటే మంచి చోటు లేదన్నది ఈ పుస్తకం ఎత్తుగడ. నా దృష్టిలో ఈ గ్రంథంలో మొదటి గొప్ప ఆలోచన ఇదే.

ఆ పరీక్షలో మొదట నిలబడేది జాన్ విల్కిన్స్ భాష. లండన్‌లో రాయల్ సొసైటీ స్థాపకుల్లో ఒకడైన ఈయన 1668లో లోకంలోని సమస్తాన్నీ 40 వర్గాలుగా విడదీసి, ప్రతి వర్గానికీ ఒక అక్షరం ఇచ్చి, భేదం చూపడానికి ఒక్కో ధ్వని చేర్చుకుంటూ మాటలు కట్టాడు. ‘దె’ అంటే భూతం, ‘దెబ్’ అంటే భూతాల్లో మొదటిదైన నిప్పు, ‘దెబ’ అంటే ఆ నిప్పులో భాగమైన మంట. ఇక్కడ మాట పొడవుకీ వాడుకకీ సంబంధమే లేదు. వర్గీకరణలో వస్తువు ఎన్నో మెట్టు మీద ఉందన్నదే పొడవును నిర్ణయిస్తుంది. రోజుకు నూరుసార్లు పలకవలసిన మాటా, జన్మకోసారి పలికే మాటా ఒకే పొడవుతో నిలబడతాయి. పైగా దగ్గరి వస్తువుల పేర్లు ఒక్క అక్షరంలోనే తేడాపడతాయి. తులిప్ పువ్వు ‘గపె’, బార్లీ గింజ ‘గదె’. విల్కిన్స్ తన గ్రంథంలోనే ఒకదానికి బదులు ఇంకొకటి రాశాడని ఇటలీ రచయిత ఉంబెర్తో ఎకో చూపించాడు. దీనిమీద రచయిత్రి చేసిన వ్యాఖ్యానం నాకు నచ్చింది. మాటలో కొంత పొడవు వృథా కాదు, పొరపాటును పట్టుకోవడానికి పనికొచ్చే అదనపు బలం అది అంటారామె. పొట్టితనం లాభమే కానీ దానికీ ఖర్చుంది అనే ఎరుక పుస్తకమంతటా కనిపిస్తుంది.

ఆ ఖర్చును అంకెల్లో చూపించిన అధ్యాయం ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రాన్స్వా స్యూద్ర్ తయారుచేసిన సోల్రెసోల్ గురించి. ఏడు స్వరాలే ఆ భాషకు అక్షరమాల. సప్తస్వరాలు తెలిసిన తెలుగువారికి, ఛందస్సులో ప్రస్తారం వేసినవారికి ఈ లెక్క చేతిమీది పని. ఒక్క స్వరంతో 7 మాటలు, రెండు స్వరాలతో 49, మూడింటితో 343, నాలుగింటితో 2,401. అంటే పొట్టి మాటలు ఎప్పుడూ కొద్దిపాటి ఆస్తే. వాటిని ఎవరికి పంచాలన్నదే భాష కట్టేవారికి అసలు పరీక్ష. స్యూద్ర్ ఆ పంపకం బాగానే చేశాడు. ‘సి’ అంటే అవును, ‘దొ’ అంటే కాదు, ‘దొరె’ నేను, ‘దొమి’ నువ్వు. నిఘంటువులోని బరువైన నామవాచకాలను నాలుగు స్వరాల మాటలకు వదిలేశాడు. వ్యతిరేకార్థం కోసం కొన్ని మాటలను వెనకనుంచి ముందుకు పలికించాడు. ‘దొమిసోల్’ దేవుడైతే ‘సోల్మిదొ’ సైతాను. ఒక్క ధ్వని కూడా పెరగలేదు. కానీ ఆరోహణను అవరోహణగా చెవి వెంటనే పట్టుకోవాలి. నోటికి మిగిల్చిన శ్రమను చెవి మీద వేశాడన్నమాట. ఈ ఆలోచన నాది కాదు. రచయిత్రి వాదాన్ని నా మాటల్లో పెట్టాను.

బేడెన్ ప్రాంతపు క్రైస్తవ మతాచార్యుడు యొహాన్ మార్టిన్ ష్లయర్ 1879-80లో వోలప్యూక్ ప్రకటించాడు. యూరప్ భాషల మాటలనే తీసుకుని, వీలైనంత వరకు ఒక్కో అక్షరానికి కుదించాడు. ఇంగ్లీషులో లోకానికున్న మాట ‘వొల్’ అయింది, మాట్లాడడం అన్న మాట ‘ప్యూక్’ అయింది. రెండూ కలిస్తే భాష పేరు. అన్ని మాటలూ పొట్టివైతే వాడుకకు విలువేముంది? తరచుగా పలికేదాన్నీ అరుదుగా పలికేదాన్నీ ఒకే కత్తెరతో కత్తిరిస్తే, అలవాటైన మాట కూడా ఆనవాలు పట్టని రూపంలోకి మారిపోతుంది. 1889లో పారిస్‌లో జరిగిన మూడో మహాసభ దాకా ఉత్సాహంగా నడిచిన ఆ ఉద్యమం తర్వాత త్వరగానే సన్నగిల్లింది. అందుకు అంతఃకలహాలు ప్రధాన కారణమనీ, మాట పొడవు ఒక్కటే కారణమనడం సరికాదనీ రచయిత్రి నిజాయితీగా చెప్పారు. తన వాదానికి అనుకూలంగా ఉన్నా అతిగా లాగకపోవడం మంచి పరిశోధకుల లక్షణం.

ఈ పుస్తకానికి గుండెకాయ ఎస్పెరాంతో మీది మూడు అధ్యాయాలు. బియాలిస్తోక్‌లో 1859లో పుట్టిన కంటివైద్యుడు లుద్విక్ జామెన్‌హోఫ్ 1887లో వార్సాలో తన భాషను తొలిసారి అచ్చువేశాడు. 16 సూత్రాలు, సుమారు 900 ధాతువులు. అక్కడికి ఎలా చేరాడో ఆయనే నికొలాయ్ బొరోవ్కో అనే ఎస్పెరాంతో అభిమానికి రాసిన ఉత్తరంలో వివరించాడు. కుర్రతనంలో ఆయనకు వచ్చిన ఆలోచన, మాటలు వీలైనంత పొట్టిగా ఉండాలని. సంభాషించడం అనడానికి ‘ఇంతెర్‌పారోలి’ అని రోమన్ లిపిలో పదకొండు అక్షరాలెందుకు, ‘ప’ అంటే సరిపోతుంది కదా అనుకున్నాడు. పలకడానికి వీలైన అతి పొట్టి ధ్వని కూర్పులన్నీ ప్రస్తారంలా వరుసగా రాసుకుని, ఒక్కో దానికి ఒక్కో అర్థం ఇచ్చుకుంటూ పోయాడు. తనమీద తానే పరీక్షించుకుంటే అవి నేర్చుకోవడం కష్టం, గుర్తుంచుకోవడం మరీ కష్టం అని తేలింది. వెంటనే వదిలేశాడు. రష్యన్ భాషలో అంగళ్ల మీద, గదుల మీద రాసిన పేర్లలో ఒకే ప్రత్యయం మళ్లీ మళ్లీ కనిపించడం చూసి, కొద్ది ధాతువులకు ప్రత్యయాలు తగిలిస్తే నిఘంటువు ఎంత కుదించుకుపోతుందో గ్రహించాడు.

ఇక్కడ జరిగిన బేరం ఏమిటో రచయిత్రి విడమరిచి చెప్పారు. నిఘంటువు పొట్టి కావాలంటే మాటలు పొడుగవుతాయి. ఆస్పత్రిని ఎస్పెరాంతోలో ‘మాల్‌సానులేయో’ అంటారు. మాల్ అంటే వ్యతిరేకం, సాన్ ఆరోగ్యం, ఉల్ మనిషి, ఏయ్ చోటు, చివరి ఓ నామవాచకపు గుర్తు. అయిదు ముక్కలూ తెలిసినవారికి ఈ మాట కొత్తగా నేర్పనక్కర్లేదు. నేర్చుకునేటప్పుడు కలిసొచ్చింది పలికేటప్పుడు ఖర్చవుతుంది. అదే జామెన్‌హోఫ్ సర్వనామాలనూ విభక్తుల పని చేసే చిన్న మాటలనూ మాత్రం ఒక్కో అక్షరంలోనే ఉంచాడు: మి, వి, లి, ని, అల్, దె, ఎన్. పదగణన పట్టికలు ముందు పెట్టుకోకపోయినా, నాలుగైదు భాషలు వినిపించే ఊళ్లో పెరిగిన చెవి ఆయనకు దారి చూపించింది.

తర్వాత జనం ఏం చేశారు? వీడ్కోలు చెప్పే ‘జిస్ రెవీదో’ అనే మాటలో వెనక సగం రాలిపోయి, ‘జిస్’ అంటే చాలయింది. ‘ఆవ్తొమొబీలో’ ‘ఆవ్తో’ అయింది. ఆస్పత్రికి ‘హోస్పితాలో’ అనే మాట పక్కన వచ్చి చేరింది. ‘మి ఎస్తాస్ లాత్సా’, అంటే నేను అలసిపోయాను అనే వాక్యాన్ని, విశేషణాన్నే క్రియగా మార్చి ‘మి లాత్సాస్’ అని కుదించుకున్నారు. కవులు ఛందస్సు ఇరుకులో ‘మాల్’ తో మొదలయ్యే పొడుగు మాటలు పట్టక, ముసలి అన్న అర్థంలో ‘మాల్‌యూనా’ కు బదులు ‘ఓల్దా’ లాంటి పొట్టి మాటలు తెచ్చారు. 1905లో బులోన్‌లో జరిగిన తొలి ప్రపంచ మహాసభ ‘ఫుందమెంతో’ అనే మూలగ్రంథాన్ని ఎవరూ మార్చకూడదని ఒప్పుకుంది. కాబట్టి పాత మాటను ఎవరూ తీసేయలేరు. దాని పక్కన పొట్టిదాన్ని నిలబెట్టవచ్చు. రెండింట్లో ఏది బతుకుతుందో తేల్చేది వాడుక. ఈ ఏర్పాటు వల్లనే ఎస్పెరాంతో విరిగిపోకుండా అరిగింది, అరుగుతూ బతికింది.

రచయిత్రి ఒక పక్షమే చెప్పి ఊరుకోలేదు. ఐక్యరాజ్యసమితిలో అనువాదకుడిగా పనిచేసిన క్లోద్ పిరాన్ 1989లో రాసిన పుస్తకంలో, ఉన్న ముక్కలతో కట్టుకోగల మాటకు కొత్త ధాతువు తెచ్చిపెట్టడం నేర్చుకునేవాడి మీద భారమేనని గట్టిగా వాదించాడు. కవి నోటికి పొదుపైన మాట పక్క దేశం నుంచి వచ్చిన విద్యార్థికి బరువు. ఇద్దరిదీ న్యాయమే. మాట పొడవు అన్నది పలికేవారికీ వినేవారికీ నేర్చుకునేవారికీ మధ్య నడిచే ఒప్పందమని, అందులో మూడోవారిని సహజ భాషల లెక్కల్లో మనం మరిచిపోతామని రచయిత్రి తేల్చారు. కృత్రిమ భాషలో అందరూ ఒకప్పుడు నేర్చుకున్నవారే గనుక, మరవడం కుదరదు. ఈ పరిశీలన నాకు కొత్త. చదువుకున్నవారు కూడా ఆగి ఆలోచించవలసిన చోటు ఇది.

మిగిలిన భాషల గురించి క్లుప్తంగా చెబుతాను. జేమ్స్ కుక్ బ్రౌన్ 1955లో మొదలుపెట్టిన లాగ్లాన్, దాన్నుంచి 1987 తర్వాత రూపుకట్టిన లోజ్బాన్ తర్కానికి ప్రసిద్ధి. లోజ్బాన్ మూలపదాలన్నీ అచ్చంగా అయిదేసి రోమన్ అక్షరాలు. అవి కలిసి కొత్త మాట అయ్యేటప్పుడు మాత్రం మూడు, నాలుగు అక్షరాల ముక్కలుగా కుదించుకుంటాయి. సమానత్వం పెట్టి, కుదింపుకు కిటికీ తెరిచి ఉంచారు. సోన్యా లాంగ్ 2001లో ప్రకటించిన తొకి పొనది ఇంకొక దారి. 2014 నాటి పుస్తకంలో మొత్తం 120 మాటలే. మాట పొట్టి, కానీ భావం పొడుగు. కారు అనాలంటే ‘తొమొ తవ’, కదిలే ఇల్లు అనాలి. మాట దగ్గర మిగిల్చింది పదబంధం దగ్గర చెల్లించవలసి వస్తుందని దీనివల్ల తెలుస్తుంది.

ఇవన్నీ చరిత్ర. ప్రయోగం సంగతి విడిగా చెప్పాలి. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో జాస్మీన్ కన్వల్, ఆమె సహచరులు 2017లో ప్రచురించిన పరిశోధనలో రెండే వస్తువులు, వాటికి ‘జొపెకిల్’, ‘జొపుదొన్’ అనే రెండు కల్పిత పేర్లు. రెండూ కుదిస్తే ‘జొప్’ అవుతాయి. ఒక వస్తువు తరచుగా కనిపిస్తుంది, ఇంకొకటి అరుదుగా. త్వరగా చెప్పాలన్న ఒత్తిడి, ఎదుటివారికి సరిగ్గా అర్థం కావాలన్న ఒత్తిడి, ఈ రెండూ కలిసి ఉన్న బృందంలోనే జనం పొట్టి పేరును తరచు కనిపించే వస్తువుకు కేటాయించి, అరుదైనదానికి పూర్తి పేరు వాడారు. ఒక్క ఒత్తిడే ఉన్నచోట, ఏదీ లేనిచోట ఆ పంపకం కుదరలేదు. జిఫ్ చెప్పిన శ్రమ పొదుపు సగం కథేనని, రెండో సగం ఎదుటిమనిషి పట్ల బాధ్యత అని ఇంతకంటే తేటగా చూపించిన ప్రయోగం నాకు తెలియదు. మాట పొడవును తరచుదనం కంటే, సందర్భంలో ఆ మాట ఎంత సులువుగా ఊహకు అందుతుందన్నదే బాగా నిర్ణయిస్తుందని పియాంతదోసీ అనే పరిశోధకుడి బృందం 2011లో 10 భాషల మీద చూపించింది. ఆ చర్చ ఇంకా సాగుతూనే ఉంది. దాన్నీ రచయిత్రి దాటవేయలేదు.

ఈ సందర్భంలో నాకు తోచిన ఒక మాట కలుపుతాను. శాస్త్రం కోసం కావాలని పేర్లు కట్టుకునే పని మన దేశంలో పాణిని ఎప్పుడో చేశాడు. అష్టాధ్యాయిలో ఘు, ఘి, టి, భ అనే సంజ్ఞలు లోకవ్యవహారంలోనివి కావు, సూత్రాల పొదుపు కోసం కల్పించినవి. అర్ధమాత్ర తగ్గితే కొడుకు పుట్టినంత సంబరపడతారని వైయాకరణులకు పేరుంది. అలాంటి పాణిని ‘సర్వనామ’ అనే పొడుగు సంజ్ఞను ఎందుకు వాడాడని పతంజలి మహాభాష్యంలో చర్చించాడు. సంజ్ఞ పెట్టేదే లాఘవం కోసం. పొడుగు సంజ్ఞ పెట్టాడంటే ఆ పేరు తన అర్థాన్ని తానే చెప్పాలని ఉద్దేశం అన్నది అక్కడి సమాధానం. అక్షరం పెరిగితే దానికి తగిన అర్థం రావాలి. ‘మాల్‌సానులేయో’ కు జామెన్‌హోఫ్ పక్షాన ఇంతకంటే గట్టి సమర్థన దొరకదు. మలి ముద్రణలో రచయిత్రి పాణినికి ఒక అధ్యాయం కేటాయించాలని నా కోరిక.

ఇంకొక సూచన. పుస్తకంలో పొడవును రాతలోని అక్షరాలతోనూ పలుకులోని అక్షరాలతోనూ కొలిచారు. మన ఛందస్సు ఇంతకంటే సన్నని కొలత ఇచ్చింది. ఎస్పెరాంతోలో ‘మి’ లఘువు, ‘మరియు’ అనే అర్థమున్న ‘కాయ్’ గురువు. పలుకులో రెండూ ఒక్కో అక్షరమే అయినా నోటికి పట్టే కాలం ఒకటి కాదు. మాత్రలతో కొలిస్తే ఎస్పెరాంతో పట్టికల్లో కొత్త సంగతులు బయటపడవచ్చు. తెలుగు మీద ఇదే పని చేసేటప్పుడు పదం అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. ‘వెళ్లిపోతున్నాడనుకున్నాను’ ఒక పదమా, నాలుగా? అత్యధికంగా వాడే కి, కు, ని, తో, లో అన్నీ ఏకాక్షరాలే గానీ అవి విడిగా నిలబడవు. వాటిని వేరుచేసి లెక్కపెట్టకపోతే తెలుగు విషయంలో జిఫ్ సూత్రం మసకబారి కనిపిస్తుంది.

తెలుగు పాఠకుడికి ఈ పుస్తకంతో పనేమిటని ఎవరైనా అడిగితే నా జవాబు ఇది. మనం కొత్త భాష కట్టకపోవచ్చు. కొత్త మాటలు రోజూ కడుతున్నాం. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన నాటినుంచి పారిభాషిక పదకోశాలు వస్తూనే ఉన్నాయి. పత్రికలు, ప్రభుత్వ శాఖలు, పాఠ్యపుస్తకాలు రాసేవారు మాటలు పుట్టిస్తూనే ఉన్నారు. రోజుకు యాభైసార్లు పలకవలసిన వస్తువుకు ‘చరవాణి’ అని నాలుగు అక్షరాలు ఇస్తే, జనం ‘ఫోన్’ తోనో ‘సెల్’ తోనో సరిపెట్టుకున్నారు. దాన్ని భాషాభిమానం లేకపోవడంగా తిట్టిపోయడం అన్యాయం. అదే ‘అంతర్జాలం’ రాతలో నిలబడింది. అర్థం చెప్పే పేరుకు రాతలో చోటుంటుంది. నోటికొచ్చేసరికి ‘నెట్’ గెలిచింది. సమాచార హక్కు చట్టాన్ని పత్రికలు ‘స.హ. చట్టం’ అన్నాయి, పార్టీల పేర్లను ‘తెదేపా’, ‘భాజపా’ అని కుదించాయి. శీర్షికలో చోటు చాలకపోవడం వల్ల పుట్టిన ఈ మాటలు ఎవరూ నేర్పకుండానే పాఠకులకు వచ్చేశాయి. వాడుక ఎక్కువయినచోట పొట్టిదనం ఎలాగూ వస్తుంది. దానికి తెలుగు ముక్కలను మనమే సిద్ధంగా ఉంచుకుంటామా, అరువు తెచ్చుకుంటామా అన్నదే మన చేతిలో ఉన్న సంగతి.

పారిభాషిక పదాల సంఘాల్లో కూర్చునే పెద్దలు ఈ పుస్తకం చదవాలని నా మనవి. కొత్త మాట సరైనదా, అర్థవంతమా అని మనం ఇప్పటిదాకా అడుగుతూ వచ్చాం. రోజుకు ఎన్నిసార్లు పలకవలసి వస్తుంది అన్న ప్రశ్నను కూడా ఆ వరుసలో చేర్చాలి. తరచుగా పలికేదానికి రెండు అక్షరాలు చాలు, అరుదైనదానికి అన్వర్థమైన పొడుగు పేరు పెట్టవచ్చు. సాహిత్య విద్యార్థులు, గణితం చదివేవారు, భాషా సాంకేతికతలో పనిచేసే యువకులు, ముగ్గురికీ ఇందులో పని దొరుకుతుంది. శైలి తేలిక, లెక్కలు నికరం, పరుల పక్షాన్ని గౌరవంగా చెప్పే సంస్కారం ఉంది.

రచయిత్రి తెలుగు పదాల గణన మీద తర్వాతి పుస్తకం రాయబోతున్నట్టు చెప్పారు. అది మనకు అత్యవసరం. జిఫ్‌కు కేడింగ్ లెక్క ఆసరా అయినట్టు, రాబోయే తెలుగు పరిశోధకులకు ఆమె లెక్క ఆసరా కావాలి. ఆ పని ఆమె చేతుల మీదుగా త్వరగా, సమగ్రంగా పూర్తికావాలని ఆశీర్వదిస్తూ, ఈ తొలి గ్రంథాన్ని తెలుగు పాఠకులకు సగర్వంగా పరిచయం చేస్తున్నాను.